ఆఫీసు దగ్గర ఇరుకిల్లా, ఊరి చివర విశాలమైన ఇల్లా? మహానగరంలో పేటను ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మరో మూడు నెలల్లో మేము ఒక పెద్ద నగరానికి మారబోతున్నాం. ఆ నగరం మాకు పూర్తిగా కొత్త, అడిగి తెలుసుకుందామంటే అక్కడ బంధువులు గానీ స్నేహితులు గానీ లేరు. ఇంట్లో నలుగురం: నేను, మా వారు, ఈ ఏడాది బడిలో చేరవలసిన ఐదేళ్ల పాప, 68 ఏళ్ల మా అత్తయ్య. నా ఆఫీసు నగరం నడిబొడ్డున ఉంది, మా వారిది అక్కడికి దాదాపు 18 కిలోమీటర్ల దూరంలో పడమటి వైపు ఉంది. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులున్నాయి కాబట్టి మెట్లు ఎక్కలేరు, కానీ సాయంత్రం కాసేపు బయట తిరిగి నలుగురితో మాట్లాడకపోతే ఆవిడకు పొద్దు గడవదు.

ఇప్పటికి రెండు ఇళ్లు చూశాం. మొదటిది నా ఆఫీసుకు రెండు కిలోమీటర్లలో, పాత పేటలో, పెద్ద రోడ్డును ఆనుకుని ఉన్న రెండు పడకగదుల ఇల్లు. లిఫ్టు ఉంది, గదులు మాత్రం ఇరుకు. రెండోది తూర్పు శివార్లలోని కొత్త కాలనీలో మూడు పడకగదుల ఇల్లు. వెలుతురు బాగా వస్తుంది, బాల్కనీ ఉంది, పిల్లలు ఆడుకునే స్థలం ఉంది, మెట్రో స్టేషను మూడు కిలోమీటర్లు. రెండింటికీ అద్దె ఇంచుమించు ఒకటే. శివారు ఇంటి నుంచి నా ఆఫీసుకు కారులో 35 నిమిషాలని ఫోనులోని మ్యాపు చూపిస్తోంది. మా వారికి ఏ ఇంటి నుంచైనా దూరమే, కాకపోతే శివారు నుంచి మరీ దూరం.

ఇల్లు చూడగానే మనసు రెండోదాని మీదికే పోయింది. అయితే ఇల్లు నచ్చడమూ పేట నచ్చడమూ వేరు వేరని, పేట సంగతి అక్కడ చేరిన ఆర్నెల్లకు గానీ తెలియదని ఇల్లు మారిన అనుభవం ఉన్నవారు చెబుతున్నారు. ఆర్నెల్ల తర్వాత తెలిసేదాన్ని ముందే తెలుసుకోవడానికి ఏమేం చూడాలి, దేనికి ఎంత బరువు ఇవ్వాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

మొదటి సమాధానం

ఇళ్లను కాసేపు పక్కన పెట్టి, ఒక మామూలు మంగళవారం ఆ రెండు పేటల్లో మీ నలుగురికీ ఎలా గడుస్తుందో కాగితం మీద రాసి చూడండి. పాపను ఎన్నింటికి లేపాలి, బడికి ఎవరు దింపుతారు, మధ్యాహ్నం ఒంట్లో బాగాలేదని బడి నుంచి ఫోను వస్తే ఎవరు ఎంతసేపట్లో చేరుకోగలరు, సాయంత్రం ఇంటికి చేరేసరికి పాప మెలకువగా ఉంటుందా, అత్తగారు రోజంతా ఎవరితో మాట్లాడతారు: ఇవి రాస్తూ పోతే బాల్కనీ ఎంతసేపు వాడుకుంటామన్నది కూడా దానంతటదే తెలుస్తుంది.

ఆ 35 నిమిషాల సంగతి ముందు తేల్చుకోవాలి. మీరు మ్యాపు చూసింది ఏ వేళ? గూగుల్ మ్యాప్స్‌లో ఫలానా రోజు ఫలానా గంటకు గమ్యం చేరాలని పెట్టి చూసే వీలుంది. పని దినాన ఉదయం తొమ్మిదిన్నరకు చేరాలని పెట్టి చూస్తే అది ఒక్క అంకె కాకుండా, 35 నుంచి 70 నిమిషాలు పట్టవచ్చన్నట్టు రెండు హద్దులు చూపవచ్చు. అలా చూపితే మీరు లెక్కలోకి తీసుకోవలసింది 70నే, ఎందుకంటే పాపను దింపి వేళకు ఆఫీసు చేరవలసిన మనిషి రోడ్డు ఖాళీగా ఉంటుందన్న ఆశతో బయలుదేరలేరు, రోజూ ఆ ఎక్కువ సమయాన్నే చేతిలో పెట్టుకుని గడప దాటాలి. 35 నిమిషాల్లో చేరిన రోజున మిగిలిన సమయం ఆఫీసు ముందు గడుస్తుందే తప్ప ఇంట్లో గడవదు.

రోజుకు రానూపోనూ 70 నిమిషాలు అదనంగా పోతాయనుకుందాం. ఏడాదికి 240 పని దినాలైతే 16,800 నిమిషాలు, అంటే 280 గంటలు, అంటే ఎనిమిది గంటల పని దినాలు 35. అదనపు పడకగదికి మీరు ఇచ్చే అసలు అద్దె ఇదే. ఇటలీ భౌతిక శాస్త్రవేత్త చెజారే మార్కెట్టి, రవాణా పరిశోధకుడు యాకోవ్ జహావీ గమనించిన విషయాన్ని ఆధారం చేసుకుని, మనుషులు రోజు మొత్తం మీద ప్రయాణానికి వెచ్చించే సమయం సగటున గంట దగ్గరే నిలుస్తుందని 1994లో రాశారు. వాహనాల వేగం పెరిగినా మిగిలిన సమయం ఇంటికి రాదు, ఆ గంటలోనే ఇంకా దూరం వెళ్లి ఉంటాం. మీ శివారు ఇల్లు ఆ గంటను దాటించి రెండు గంటలు చేస్తుంది.

బ్రూనో ఫ్రే, అలోయిస్ స్టట్సర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు జర్మనీ కుటుంబాల సమాచారం పరిశీలించి, దూరం నుంచి వచ్చేవారికి ఆ శ్రమకు తగిన ప్రతిఫలం మంచి ఇంటి రూపంలోనో ఎక్కువ జీతం రూపంలోనో అందడం లేదని, మొత్తం మీద వారి సంతృప్తి తక్కువగానే ఉందని చూపారు. దీనికి కారణం నాకు తోచినంతలో ఇది: గది విశాలత నెల తిరిగేసరికి కంటికి అలవాటైపోతుంది, ట్రాఫిక్కు మాత్రం రోజుకొక తీరుగా ఉంటుంది కాబట్టి ఎన్నేళ్లయినా అలవాటు కాదు.

డబ్బు సంగతి ఒక్క మాట. అద్దె సమానమని వదిలేయకుండా నలుగురి ప్రయాణ ఖర్చూ దానికి కలిపి చూడండి. అమెరికాలో గృహ ఖర్చునూ రవాణా ఖర్చునూ కలిపి చూసే ఒక సూచిక ఆ రెండూ కలిసి ఆదాయంలో 45 శాతం దాటకూడదని పెట్టుకుంది. అంకె మీకు అతికినా అతకకపోయినా, రెండింటినీ కలిపి చూసే పద్ధతి మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది.

రెండో సమాధానం

పై సమాధానంలోని సమయం లెక్కతో నేను ఏకీభవిస్తాను, కానీ దాన్నిబట్టి రోడ్డును ఆనుకుని ఉన్న ఇంటికి వెంటనే సరేననకండి. ఆ తప్పు నేను చేశాను. నేను ఇల్లు చూసింది ఆదివారం ఉదయం పదకొండు గంటలకు. రోడ్డు ప్రశాంతంగా ఉంది, కిటికీలోంచి గాలి బాగా వస్తోందని సంతోషించాను. చేరిన మొదటి రాత్రే తెలిసింది, మా కిటికీకి ఎదురుగానే వంతెన ఎక్కే ఏటవాలు మొదలవుతుందని, పదకొండు దాటాక నగరంలోకి వదిలే లారీలన్నీ సరిగ్గా అక్కడే గేరు మారుస్తాయని. మంచం పక్కన బల్ల మీద పెట్టిన గాజు గ్లాసులో నీళ్లు ప్రతి లారీకీ సన్నగా వణికేవి. రెండు వారాలకు నేను గ్లాసును వేరే గదిలో పెట్టుకున్నాను, ఎనిమిది నెలలకు ఇల్లే మారాను.

రోడ్డు రవాణా మోత రోజు మొత్తం మీద 53 డెసిబెల్సు లోపు, రాత్రి వేళ 45 లోపు ఉండేలా తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా ప్రాంతానికి 2018లో సిఫార్సు చేసింది. డెసిబెల్సు మామూలు అంకెల్లా పెరగవని గుర్తుంచుకోండి: పది పెరిగితే చెవికి ఇంచుమించు రెట్టింపు మోతగా తోస్తుంది. ఫోనులోని కొలిచే యాప్‌లు కచ్చితంగా ఉండవు గానీ, ఒకే ఫోనుతో రెండు ఇళ్లలో కొలిచి పోల్చుకోవడానికి సరిపోతాయి. పని దినాన రాత్రి పదిన్నర దాటాక పడకగదిలో కిటికీ తీసి ఐదు నిమిషాలు, మూసి ఐదు నిమిషాలు నిలబడండి. ఇంటివారు ఆ వేళకు రావద్దంటే కనీసం ఆ కిటికీ కింద వీధిలో నిలబడండి.

గాలి సంగతి కూడా రోడ్డుతోనే ముడిపడి ఉంది. వాహనాల నుంచి వచ్చే అతి సూక్ష్మ ధూళికణాలు పెద్ద రహదారి అంచున అత్యధికంగా ఉండి, సుమారు 300 మీటర్ల దూరానికి చుట్టుపక్కల మామూలు స్థాయికి దిగిపోతాయని లాస్ ఏంజెలెస్ రహదారుల వద్ద కొలిచి 2002లో ప్రచురించారు. అందుకని పాత పేట నచ్చితే పేటను వదులుకోనక్కర లేదు, రోడ్డు మీద నుంచి రెండు మూడు సందులు లోపలికి వెళ్లి వెతకండి. ఐదేళ్ల పాప ఉన్న ఇంట్లో ఈ రెండు మూడు సందుల తేడా చిన్నది కాదు.

శివారు కాలనీ విషయంలో నేను చూడమనేది నీటి దారి. కొత్త కాలనీలు చాలా నగరాల్లో పల్లపు నేలల్లోనూ, ఒకప్పుడు చెరువో వాగో ఉన్నచోటా వెలుస్తాయి. గూగుల్ ఎర్త్‌లో కాలాన్ని వెనక్కి జరిపి పాత ఉపగ్రహ చిత్రాలు చూడవచ్చు. పదిహేను, ఇరవై ఏళ్ల కిందటి వానాకాలపు చిత్రంలో ఆ స్థలం నీళ్లతో నల్లగా కనిపిస్తే ఇక అడగవలసిన పని లేదు. వీధిలో నడిచేటప్పుడు ప్రహరీ గోడల మీద ఒకే ఎత్తులో సాగిన చెమ్మ గీత ఉందేమో, పాత ఇళ్ల గడపల ముందు అడ్డుకట్టలాంటి మెట్టు కట్టుకున్నారేమో చూడండి. గట్టి వాన వెలిసిన రెండు గంటలకు మరోసారి వెళ్లగలిగితే, పది సార్లు ఎండలో చూసినదానికంటే ఎక్కువ తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. మ్యాపును పనిదినపు ఉదయానికి మార్చి చూశాను, 40 నుంచి 75 నిమిషాలని వచ్చింది. మేము ఇల్లు చూసింది కూడా ఆదివారమే. కాలనీ గురించి పాత చిత్రాలు చూస్తే ఆ స్థలం మెట్టగానే కనిపిస్తోంది, నీటి భయం లేదనుకుంటున్నాను. ఇప్పుడు నాకు మిగిలిన బెంగ అత్తయ్య గురించే. ఆవిడ ఏదీ నోరు తెరిచి అడగరు. పాత పేటలో కొట్లూ జనమూ ఉన్నాయి గానీ రోడ్డు భయం. కాలనీలో భయం లేదు, కానీ మధ్యాహ్నం మేము వెళ్లినప్పుడు వీధిలో కాపలా మనిషి తప్ప ఎవరూ కనిపించలేదు.

మూడో సమాధానం

అమ్మా, మీ అత్తగారి గురించి మీరు అడిగిన తీరు చూసి రాస్తున్నాను. మా నాన్నగారికి 74 ఏళ్లప్పుడు మేము ఇలాగే ఇల్లు మారాం. అన్నీ చూశాం, ఒక్కటి చూడలేదు. ఇంటికి పార్కు 250 మీటర్లే, కానీ మధ్యలో 20 మీటర్ల వెడల్పు రోడ్డు ఉంది. పచ్చలైటు 18 సెకన్లు వెలిగేది. మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడన్న అంచనాతో చాలాచోట్ల ఈ లైట్లను అమర్చుతారు, ఆ లెక్కన 17 సెకన్లు చాలు. నాన్నగారు సెకనుకు 0.8 మీటర్ల కంటే వేగంగా నడవలేకపోయేవారు, ఆయనకు 25 సెకన్లు కావాలి. ఆఖరి ఏడు సెకన్లు ఆయన ఎదురొచ్చే బళ్ల మధ్య ఉండేవారన్నమాట. ఆయన మాకేమీ చెప్పలేదు. మెల్లమెల్లగా పార్కుకు వెళ్లడం మానేశారు, అడిగితే ఓపిక లేదన్నారు. ఒక సాయంత్రం వెంట వెళ్లి, ఆయన రోడ్డు మధ్యలో నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నారో చూశాకే నాకు అర్థమైంది. అమెరికాలో ఈ అంచనాను 2009లో సెకనుకు 1.07 మీటర్లకు తగ్గించారు. అది కూడా నాన్నగారికి సరిపోయేది కాదు.

కాబట్టి ఇల్లు ఖాయం చేసుకునే ముందు ఆవిడను ఆ పేటకు తీసుకువెళ్లండి. మీరు ముందు నడవకండి, ఆవిడ వెనక నడవండి. ఎక్కడ ఆగుతారు, ఆగినచోట కూర్చోవడానికి అరుగో బెంచీయో ఉందా, కాలిబాట మీద బళ్లు నిలిపి ఉంటే ఆవిడ రోడ్డు మీదికి దిగవలసి వస్తోందా అన్నది గమనించండి. పేట మధ్య నుంచి దాని అంచుకు పావు మైలు, అంటే 400 మీటర్లు మించకూడదని, రోజువారీ అవసరాలు ఆ పరిధిలోనే దొరకాలని క్లారెన్స్ పెర్రీ అనే నగర ప్రణాళికాకర్త 1929లోనే ప్రతిపాదించారు. మీకూ నాకూ అది ఐదు నిమిషాల నడక, మోకాళ్ల నొప్పులున్న మనిషికి పది నిమిషాలు, మధ్యలో కనీసం ఒకచోట కూర్చోవాలి. ఆ దూరంలో మందుల దుకాణం, కూరగాయలు, డాక్టరు, నీడ ఉన్న ఒక కూర్చునే చోటు ఉంటే ఆవిడ ఎవరినీ అడగకుండా బతకగలరు. అవి లేకపోతే ప్రతిదానికీ మీరు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఎదురుచూడాలి, దాంతో మాట్లాడటం కూడా తగ్గిపోతుంది.

చెట్ల విషయంలో సెసిల్ కోనైనెండైక్ అనే పట్టణ అటవీ నిపుణుడు 2021లో చెప్పిన కొలత నాకు నచ్చింది: ఇంట్లోంచి కనీసం మూడు చెట్లు కనిపించాలి, పేట విస్తీర్ణంలో 30 శాతం మీద చెట్ల నీడ ఉండాలి, పార్కు 300 మీటర్ల లోపు ఉండాలి. ఇవన్నీ కుదిరే పేట దొరకడం కష్టమే, అయినా కిటికీ దగ్గర నిలబడి చెట్లు లెక్కపెట్టడానికి నిమిషం పట్టదు.

కాలనీలో మధ్యాహ్నం ఎవరూ కనిపించలేదని మీరు రాసిన వాక్యాన్ని మీరే మళ్లీ చదువుకోండి. సాయంత్రం ఐదున్నరకు ఇంకోసారి వెళ్లండి. అప్పుడు కూడా వీధిలో పెద్దవాళ్లు కనిపించకపోతే ఆ నిశ్శబ్దం మీ అత్తగారికి పడదు.

నాలుగో సమాధానం

నేను కొంచెం విభేదిస్తాను. అందరూ ఈనాటి ఆఫీసుల నుంచి దూరాలు కొలుస్తున్నారు. ఉద్యోగాలు మారతాయి, ఆఫీసులు కూడా తరలిపోతాయి. నేను పదేళ్లలో మూడు చోట్ల పని చేశాను, మొదటి ఆఫీసు పక్కన తీసుకున్న ఇల్లు రెండో ఉద్యోగానికి నగరం అవతలి కొస అయింది. ఒక ఆఫీసుకు దగ్గరగా ఉండటం కంటే నాలుగు వైపులకూ వెళ్లగలిగే స్టేషనుకు నడక దూరంలో ఉండటం ఎక్కువ కాలం అక్కరకొస్తుంది. ఎవరి సంపాదన ఎటు మారినా దారి మిగిలి ఉంటుంది.

మీరు చూసిన రెండు ఇళ్లలో ఒకటి నడిబొడ్డున, రెండోది తూర్పున. మీ వారి ఆఫీసు పడమరన. ఆ రెండు ఆఫీసుల మధ్య మెట్రో దారి ఉంటే, ఆ దారి పొడవునా ఉన్న పేటలను మీరు అసలు చూడనేలేదన్నమాట. మ్యాపులో ఆ గీత గీసి, ప్రతి స్టేషను చుట్టూ 800 మీటర్ల వృత్తంలో ఏముందో చూడండి. అది పది నిమిషాల నడక. శివారు ఇంటికి మూడు కిలోమీటర్ల దూరంలో స్టేషను ఉందని రాశారు, ఆ మూడు కిలోమీటర్లను తక్కువగా అంచనా వేయకండి. నడవలేని, బండి లేనిదే దాటలేని ఆ ముక్క దగ్గరే మెట్రో వాడకం ఆగిపోయి కారు మొదలవుతుంది. బస్సు అయితే ఎన్ని నిమిషాలకొకటి వస్తుందో స్టాపు దగ్గర నిలబడి చూడండి: పది నిమిషాలకొకటి వస్తే సగటున ఐదు నిమిషాలు ఆగుతారు, అరగంటకొకటి అయితే పావుగంట, అదీ వేళకు వస్తేనే.

ఇంకొక మాట బడి గురించి. ఉద్యోగం మారినంత తేలికగా బడి మారదు. పాప ఒకసారి చేరి స్నేహితులు ఏర్పడ్డాక మీరు ఆ బడి చుట్టూనే ఇళ్లు వెతుక్కుంటారు. అందుకని ఇల్లు ముందా బడి ముందా అంటే, బడి పేరు తేలకుండా ఇంటికి బయానా ఇవ్వవద్దంటాను. తొలి ఏడాది అద్దెకే ఉండండి, సొంత ఇంటి ఆలోచన ఎవరు ఎంత ఊరించినా ఏడాది తిరిగాకే చేయండి.

ప్రశ్న అడిగినవారు

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. నాలుగో సమాధానం చదివి మెట్రో గీత వెంట వెతికాం. నా ఆఫీసు నుంచి పడమటికి నాలుగో స్టేషను దగ్గర ఒక పాత పేట దొరికింది. స్టేషనుకు మా నడకన తొమ్మిది నిమిషాలు. పెద్ద రోడ్డు నుంచి మూడో సందులో, వెనక వైపు కిటికీలున్న మొదటి అంతస్తు ఇల్లు, లిఫ్టు ఉంది. రెండు పడకగదులే, గదులు అంతకుముందు చూసిన ఇంటి కంటే ఏమంత పెద్దవి కావు. రాత్రి పదకొండుకు వెళ్లి కిటికీ కింద నిలబడ్డాం. రోడ్డు మోత దూరంగా వినిపిస్తుంది గానీ ఇద్దరం గొంతు పెంచకుండా మాట్లాడుకోగలిగాం.

అత్తయ్యను ఒక బుధవారం సాయంత్రం తీసుకువెళ్లి, చెప్పినట్టే వెనక నడిచాను. మందుల దుకాణం దాకా రెండు చోట్ల ఆగారు. మొదటిచోట కూర్చోవడానికి ఏమీ లేక గోడ పట్టుకుని నిలబడ్డారు. రెండోచోట ఒక ఇంటి అరుగు మీద కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు, నేను పది అడుగుల దూరంలో ఫోను చూస్తున్నట్టు నిలబడ్డాను, ఆవిడ లేవడానికి అరగంట పట్టింది. ఆ దారిలో పెద్ద రోడ్డు దాటవలసిన అవసరం లేదు. పార్కుకు వెళ్లాలంటే మాత్రం దాటాలి, అక్కడ పచ్చలైటు 20 సెకన్లు, రోడ్డు వెడల్పు నా అడుగులతో 16 మీటర్ల దాకా ఉంది. ఆవిడకు అది చాలదు, కాబట్టి పార్కుకు మాలో ఒకరు తోడు వెళ్లాలి.

కిటికీలోంచి కనిపించేది ఒకే చెట్టు, అది కూడా పక్కింటివారిది. మా వారికి ఉదయం ఇంకా 45 నిమిషాలు పడుతుంది, కాకపోతే మెట్రోలో కూర్చుని వెళతారు. పాప ఆడుకోవడానికి ఆ కాలనీలో ఉన్నంత స్థలం ఇక్కడ లేదు, ఆ లోటు నాకు ఇంకా మనసులో ఉంది. నడిచి వెళ్లగలిగే బడిలో సీటు కోసం దరఖాస్తు పెట్టాం, పది రోజుల్లో చెబుతామన్నారు. ఇంటివారు అప్పటిదాకా ఆగుతామని మాట ఇచ్చారు. బడి కబురు రాగానే బయానా ఇస్తాం.